షెడ్డు 30×40 చాలా, 40×60 వేయాలా? సైజు ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న:
నమస్కారం అండీ. ఇనుప ఫ్రేములు, రేకులతో షెడ్డు వేయిద్దామనుకుంటున్నాం. ఒక ట్రాక్టరు, దాని ట్రాలీ, ఒక కారు అందులో ఉండాలి. ఒక పక్కన వెల్డింగ్, గ్రైండింగ్ లాంటి చిన్నాచితకా పనులకు బల్ల, సామాన్ల ర్యాకులు పెట్టుకోవాలి. ఫ్యాబ్రికేటర్ 30×40, ఎత్తు 12 అడుగులు చాలంటున్నాడు. మా బావగారేమో "వేసేదెలాగూ వేస్తున్నారు, 40×60 వేసేయండి" అంటున్నారు. స్థలానికి ఇబ్బంది లేదు. కానీ ఆ 30 ఎందుకు, ఈ 40 ఎందుకు అని అడిగితే ఇద్దరి దగ్గరా లెక్క లేదు. మీరైతే ఎలా తేల్చుకుంటారు?

జవాబు:
30×40, 40×60 రెండూ కాసేపు పక్కన పెట్టండి. టేపు పట్టుకుని కొన్ని కొలతలు తీసి ఇక్కడ రాయండి. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించాక మొత్తం పొడవెంత? అన్నిటికన్నా ఎత్తైనది ఏది? టాప్, సైలెన్సర్ గొట్టం కూడా కలిపి చూడండి. ట్రాలీని లోపల ఎప్పుడైనా పైకి లేపుతారా? బండి వెనక్కి తోసి పెడతారా, లేక ఒక పక్క నుంచి వచ్చి రెండో పక్క నుంచి పోవాలా?

ఇంకో సంగతి. షెడ్డుకు చెప్పే వెడల్పు మామూలుగా బయటి కొలత. స్తంభాలు అందులోనే రావాలి. స్తంభం మందం ఒక్కో వైపు అడుగు, అడుగున్నర పోయిందంటే 30 కాస్తా 27 అవుతుంది. పైగా ఈ పీఈబీ (ఫ్యాక్టరీలో ముక్కలుగా చేసి తెచ్చి బిగించే ఇనుప షెడ్డు) స్తంభాలు కింద సన్నగా, పైకి పోయేకొద్దీ లావుగా ఉంటాయి. అంటే నేల మీద టేపు పెట్టి కొలిచిన వెడల్పు తల మీద దొరకదు. ఎత్తు సంగతీ అంతే. 12 అడుగులు అంటే చూరు దగ్గర ఎత్తు. స్తంభం, రాఫ్టరు (కప్పును మోసే ఏటవాలు దూలం) కలిసే మూల కిందికి దిగి ఉంటుంది కాబట్టి అక్కడ బండికి దొరికేది ఏ పదిన్నరో. కొటేషన్‌లో "క్లియర్ ఎత్తు", "క్లియర్ వెడల్పు" విడిగా రాసిమ్మనండి.

అడిగినవారు:
కొలిచామండీ. ట్రాక్టరు, ట్రాలీ కలిపి 27 అడుగులు. ట్రాలీ వెడల్పు 7. ట్రాక్టరు టాప్‌తో ఎనిమిదిన్నర ఎత్తు. కారు 14×6. ట్రాలీ లోపల లేపే పని లేదనే అనుకున్నాం. కానీ వాన పడుతున్నప్పుడు సరుకు లోపలే దించాలి కదా, అది మీరు అడిగాక తట్టింది. ట్రాలీతో రివర్స్ అంటే మాకు టెన్షనే, ఎదురుగా ఇంకో ద్వారం ఉంటే బాగుంటుంది.

జవాబు:
అయితే చాలావరకు తేలిపోయినట్టే.

వెడల్పు చూద్దాం. గోడ పక్కన 2 అడుగులు వదిలి ట్రాలీకి 7, మధ్యలో మనిషి తిరగడానికి, కారు తలుపు తీయడానికి 4, కారుకు 6, అటు పక్క తలుపుకు 3. మొత్తం 22. లోపల 27 దొరికితే ఇంకా 5 మిగులుతుంది, 2 అడుగుల లోతు ర్యాకు పెట్టినా నడిచే దారి ఉంటుంది. కాబట్టి 30 చాలు. మీ అవసరానికి 40 వెడల్పు అక్కర్లేదు.

చిక్కంతా పొడవు దగ్గరే. 27 అడుగుల బండికి ముందూ వెనకా మూడేసి వదిలితే 33. 40 అడుగుల షెడ్డులో మిగిలేది ఆరేడు అడుగులు. బల్ల అక్కడ పెడితే ఎదుటి ద్వారానికి అడ్డం. బల్లను కారు వెనక పెట్టుకోవచ్చు, జాగా ఉంటుంది. కానీ గ్రైండర్ నిప్పురవ్వలు కారు అద్దం మీద పడితే గరుకు గరుకుగా అతుక్కుపోతాయి, తుడిస్తే పోవు. వెల్డింగ్‌కూ కారుకూ మధ్య ఎడం కావాలి, కుదిరితే ఒక అడ్డు రేకు కూడా. అందుకని నేనైతే 30×60 వేస్తాను. ఒక పక్క పొడవునా ట్రాలీ దారి, రెండో పక్క ముందు కారు, వెనక వర్క్‌షాప్.

ఇక ఎత్తు. ట్రాలీ బాడీ 10 అడుగుల పొడవు అనుకోండి. 45 డిగ్రీలు లేపితే ముందు అంచు 7 అడుగులు లేస్తుంది. బాడీ నేల నుంచి మూడున్నర అడుగుల మీద ఉంటే అప్పటికే పదిన్నర. ముందు పలక 2 అడుగులుంటే ఇంకో అడుగున్నర కలపండి. పన్నెండు! మీ ఫ్యాబ్రికేటర్ చెప్పిన చూరు ఎత్తు కూడా అంతే. రాఫ్టరుకు కొట్టుకోవడం ఖాయం. పైగా మీ ట్రాలీ దారి ఒక పక్కకు ఉంది, అంటే కప్పు తక్కువగా ఉన్న చోట. చూరు ఎత్తు 16కి తక్కువైతే ఒప్పుకోకండి.

ఇంకొకరు:
అన్నా, లెక్కలు బాగున్నాయి గానీ నేను బావగారి పార్టీ. షెడ్డు ఖాళీగా ఉండటం ఎక్కడా చూడలేదు. వేసిన ఏడాదికే పాత టైర్లు, పనికిరాని పైపులు, ఎవరివో బీరువాలు వచ్చి చేరతాయి. పెద్దదే వేసుకోండి.

జవాబు:
నిజమే, సామాను చేరుతుంది. దానికి పొడవు పెంచండి, వెడల్పు ఎందుకు? మధ్యలో స్తంభం లేకుండా వెడల్పు పెంచితే ఫ్రేము మీద పడే వంపు బలం వెడల్పుకు వర్గంగా పెరుగుతుంది. 30 నుంచి 40కి పోతే వెడల్పు మూడో వంతే పెరిగింది, వంపు బలం మాత్రం దాదాపు 1.78 రెట్లు. ఇనుము బరువు సరిగ్గా అంతే పెరుగుతుందని కాదు గానీ ప్రతి ఫ్రేమూ లావెక్కుతుంది, పునాదులూ పెరుగుతాయి. పొడవు పెంచితే అవే ఫ్రేముల్లో ఇంకొకటి నిలబెడతారు, అంతే. బే, అంటే రెండు ఫ్రేముల మధ్య దూరం, 20 అడుగులైతే 40కి మూడు ఫ్రేములు, 60కి నాలుగు.

40×60 అంటే 2400 చదరపు అడుగులు. 30×80 అన్నా అంతే. గోడ చుట్టుకొలత 200 బదులు 220 అవుతుంది, కాస్త రేకు ఎక్కువ పడుతుంది. మీలాంటి అవసరానికి నేను 30×80 వైపే ఉంటాను. గట్టి కారణం ఉంటే తప్ప వెడల్పు జోలికి పోను. ఉదాహరణకు బండి లోపలే తిప్పాలన్నా, రెండు వరుసల్లో బండ్లు పెట్టి మధ్యలో దారి వదలాలన్నా 40 కూడా చాలదు.

మరొకరు:
పొడవు తర్వాత పెంచుకునే ఆలోచన ఉంటే ఒక్క మాట ఇప్పుడే తేల్చుకోండి. చివరి గోడకు చాలామంది పల్చటి స్తంభాలతో తేలిక ఫ్రేము వేసేస్తారు, ఎందుకంటే దాని మీద సగం బే బరువే పడుతుంది. రేపు ఇంకో బే కలపాలంటే అది పనికిరాదు. పెంచబోయే వైపు చివర కూడా పూర్తి ఫ్రేమే కావాలని, దాని పునాది, స్తంభాన్ని పునాదికి బిగించే యాంకర్ బోల్టులు కూడా ఆ బరువుకే లెక్కకట్టాలని కాగితం మీద రాయించుకోండి. కాకపోతే పూర్తి ఫ్రేము రాఫ్టరు లోతుగా దిగుతుంది, ఆ చివర షట్టర్ పెడితే ఎత్తు మళ్ళీ చూసుకోవాలి.

ఎత్తు 12 నుంచి 16 చేస్తే 30×60కి చుట్టూ సుమారు 720 చదరపు అడుగుల రేకు అదనం. గాలి ఒత్తిడి కూడా పెరుగుతుంది కాబట్టి పాత డిజైన్‌లో స్తంభాలు మాత్రం పొడిగించి సరిపెట్టనివ్వకండి, మళ్ళీ లెక్క చేయించండి.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. 30×60, చూరు ఎత్తు 16 అనుకుంటున్నాం, ఒక చివర పెంచుకునేలా. మావాడు తర్వాత కారు లేపే రెండు స్తంభాల లిఫ్ట్ పెడతానంటున్నాడు. దానికీ చాలుతుందా? షట్టర్లు ఎంత సైజు? పొడుగు గోడకా, చివరి గోడకా?

జవాబు:
లిఫ్ట్‌కు ఎత్తు చాలుతుంది. అవి మామూలుగా 12 అడుగుల లోపే అడుగుతాయి. చూసుకోవాల్సింది నేల. లిఫ్ట్ స్తంభాల బోల్టులు దిగే చోట కాంక్రీటు ఎంత మందం, ఎంత గట్టిగా ఉండాలో లిఫ్ట్ మాన్యువల్‌లో ఉంటుంది. అది చూశాకే కాంక్రీటు పోయించండి, తర్వాత తవ్వుకోవడం పెద్ద నరకం.

షట్టర్ 12 వెడల్పు, 12 ఎత్తు పెట్టండి. 7 అడుగుల ట్రాలీకి 12 ఎక్కువనిపిస్తుంది గానీ కొంచెం వంకరగా వచ్చినా అద్దాలు, మడ్‌గార్డులు తగలకుండా దూరుతుంది. పైన షట్టర్ చుట్టకు అడుగున్నర, రెండడుగులు కావాలి, అది షట్టర్ చేసేవాళ్ళనే అడిగి రాసుకోండి. 16 చూరుకు ఇది కుదురుతుంది. ఆ చివర రాఫ్టరు ఎంత దిగుతుందో మాత్రం డ్రాయింగ్‌లో చూడండి.

రెండూ చివరి గోడలకే, ఎదురెదురుగా. పొడుగు గోడకు పెడితే కప్పు మీది నీళ్ళన్నీ ద్వారం ముందే పడతాయి. గట్టర్ పెట్టినా పెద్ద వానకు పొంగుతుంది. షట్టర్ల ముందు బండి తిన్నగా అయ్యేంత ఖాళీ కూడా ఉండాలి. నేల మీద సున్నంతో షెడ్డు గీతలు గీసి, ద్వారాల చోట కర్రలు పాతి, ట్రాలీ తగిలించి ఒకసారి నడిపి చూడండి. కర్ర పడిపోతే షెడ్డు జరపాలి, లేదా తిప్పాలి. ఇవన్నీ బోల్టులు దిగకముందే. హద్దు నుంచి నిబంధనల ప్రకారం ఎంత వదలాలో కూడా అప్పుడే కనుక్కోండి.

వర్క్‌షాప్ పక్క పొడుగు గోడకు 3×7 తలుపు ఒకటి పెట్టించండి, ప్రతిసారీ షట్టర్ ఎత్తక్కర్లేదు. ఆ బేలో ఎక్స్ బ్రేసింగ్ రాడ్లు (స్తంభాల మధ్య X ఆకారంలో బిగించేవి) రాకుండా డ్రాయింగ్ దశలోనే చెప్పండి. తర్వాత తలుపు కోసం ఆ రాడ్డు విప్పనివ్వకండి, గాలికి షెడ్డును నిలబెట్టేవి అవే.