పండగ విందు, స్థానిక రెడ్ వైన్: వంట మార్చాలా, సీసా మార్చాలా?

ద్రాక్షపందిరి: ఇంట్లో ఆరుగురికి పండగ విందు. చేతిలో ఉన్నది దగ్గర్లోని తోటలో క్యాబర్నే సావిన్యాన్ అనే రకం ద్రాక్షతో తయారైన రెడ్ వైన్, రెండేళ్ల కిందటి పంట, లేబుల్ మీద ఆల్కహాల్ 14.5 శాతం. వంటలు: ఓవెన్‌లో కాల్చిన కోడి, కారం గ్రేవీ, పండ్లతో చేసిన తీపి సాస్, చివర్లో కేకు. వైన్‌ని బట్టి వంట సర్దుకోవాలా, వంటని బట్టి వేరే వైన్ తెచ్చుకోవాలా?

మిరియాలపొడి: సీసా మార్చండి. లేత క్యాబర్నేలో టానిన్లు, అంటే ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే వగరు పదార్థాలు, గట్టిగా ఉంటాయి. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి, అందుకే పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పిడచకట్టుకుపోతుంది. కోడి రొమ్ము ముక్కలో కొవ్వు తక్కువ, ఆ వగరుని అడ్డుకునేది ఏమీ ఉండదు. పైగా 14.5 శాతం ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది. తీపి సాస్ తిన్నాక అదే వైన్ పుల్లగా, చేదుగా తోస్తుంది. స్థానికంగానే దొరికితే 12.5, 13 శాతం ఉన్న తేలికపాటి రెడ్ చూడండి, పినో న్వా, గామే లాంటివి. ఓక్ పీపాలో ఎక్కువకాలం నిలవ ఉంచనిదైతే మరీ మంచిది.

ఉప్పుచేయి: మిరియాలపొడి గారు చెప్పిన కారణాలన్నీ నిజమే, తీర్పుతోనే నాకు పేచీ. వైన్ రుచి సీసాలో తయారైపోయింది, దాన్ని మనం కదపలేం. వంట మాత్రం పొయ్యి దిగేదాకా మన చేతిలోనే ఉంటుంది. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. వైన్ ఒక గుక్క తాగి, చిటికెడు ఉప్పు చల్లిన నిమ్మచెక్క నాకి, మళ్లీ ఒక గుక్క తాగండి. వగరు సగానికి తగ్గినట్టు తెలుస్తుంది. కోడికి ఉప్పు సరిగ్గా పట్టాలనీ, సాస్‌కి కొంచెం పులుపు ఉండాలనీ అనేది ఇందుకే.

రొమ్ము బదులు తొడ ముక్కలు, తోలుతో కాల్చండి. గ్రేవీలో ఎండుమిర్చి తగ్గించి మిరియాలు వేయండి. పండ్ల తీపి సాస్ బదులు వైన్ సాస్ చేయండి. సాస్‌కి అదే వైన్ 200 మి.లీ. తీసుకుని, సన్నగా తరిగిన ఒక చిన్న ఉల్లిపాయతో మరిగించి 60–70 మి.లీ.కి దించండి. పొయ్యి ఆపాక చల్లటి వెన్న 30 గ్రాములు కొంచెం కొంచెంగా వేస్తూ గిన్నె తిప్పండి. ఉప్పు అన్నిటికన్నా చివర్లోనే. ముందే వేస్తే సాస్ ఇగిరేకొద్దీ ఉప్పన అవుతుంది. మంట మీద ఉండగా వెన్న వేస్తే విరిగి నూనె తేలుతుంది. ఇనప మూకుడు మాత్రం వద్దు, టానిన్లు ఇనుముతో కలిసి సాస్ నల్లబడుతుంది, లోహపు రుచి వస్తుంది. స్టీలు గిన్నె చాలు.

మిరియాలపొడి: సాస్ సంగతి ఒప్పుకుంటాను. కేకు సంగతేంటి? వైన్ కన్నా తినేది తీపిగా ఉంటే వైన్ ఓడిపోతుంది, దాన్ని ఏ వెన్నా కాపాడలేదు.

ఉప్పుచేయి: కేకు వచ్చేసరికి రెడ్ గ్లాసులు తీసేయండి. అక్కడ కాఫీయో, తీపి వైనో ఇవ్వాలి. ఒకే సీసాతో మొదటి నుంచి చివరిదాకా లాగాలన్న పట్టుదలే అసలు తప్పు.

చల్లనిసీసా: ఇద్దరూ ఉష్ణోగ్రత మాటే ఎత్తలేదు. సగం గొడవ అక్కడే తీరుతుంది. రెడ్ వైన్ గది వేడిలో తాగాలన్న మాట చల్లటి గదుల కాలంలో పుట్టింది. 28 డిగ్రీల దగ్గర 14.5 శాతం వైన్ ముక్కుకి స్పిరిట్‌లా కొడుతుంది. ఫ్రిజ్‌లో గంటన్నర, లేదా ఐసు కలిపిన నీళ్లలో 10–12 నిమిషాలు ఉంచి, 16–17 డిగ్రీల దగ్గర పోయండి. 12 కన్నా దిగిందంటే వగరు మళ్లీ పైకొస్తుంది, కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోవద్దు.

వెడల్పు జగ్గులోకి వంచాలా అన్నది మరో పేచీ. బోర్డో వైన్ నిపుణుడు ఎమిల్ పేనో ఎక్కువసేపు గాలి తగిలితే సువాసన పోతుందనేవారు, మడ్డి ఉంటేనే, అదీ తాగే ముందే వంచమనేవారు. పాత వైన్ విషయంలో ఆయన మాటే నా మాట. ఇంత లేత, గట్టి క్యాబర్నేకి మాత్రం అరగంట గాలి మేలు చేస్తుందనే అంటాను. పావుగంటకోసారి ఒక చుక్క రుచి చూడండి, బాగుందనిపించగానే పోసేయండి.

లెక్క: 750 మి.లీ. సీసాకి 150 మి.లీ. గ్లాసులు ఐదు. ఆరుగురికి రెండేసి అంటే 1,800 మి.లీ., సాస్‌తో కలిపి 2 లీటర్లు, మూడు సీసాలు. ప్రతి సీసా తీయగానే విడిగా వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది చెడిన కార్క్ పని, గాలి తగిలినా పోదు. చూడకుండా జగ్గులో కలిపితే మిగతా వైనూ పాడవుతుంది.

ద్రాక్షపందిరి: ముందుగా వేయించిన చేప ముక్కలు పెడితే ఇదే వైన్ నడుస్తుందా?

మిరియాలపొడి: నడవదు. రెడ్ వైన్‌లోని ఇనుము వల్లే నోట్లో నీచు మిగులుతుందని 2009లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఇనుము ఎంత ఉందో లేబుల్ మీద ఉండదు. చేపతో మంచినీళ్లో, వైట్ వైనో ఇచ్చి, కోడి బల్ల మీదకి వచ్చాకే రెడ్ పోయండి.