లాసెట్ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ: 60 రోజులే ఉంది, తెలుగు మీడియం, లా ఏమీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నకిరేకల్_బీకాం

అందరికీ నమస్కారం. తెలంగాణ లాసెట్ (లా కాలేజీల ప్రవేశ పరీక్ష) మూడేళ్ల కోర్సుకు అప్లై చేశాను. బీకాం తెలుగు మీడియం, 51 శాతం. పరీక్షకు 60 రోజులుంది. డ్యూటీ పోను పొద్దున గంటన్నర, రాత్రి గంటన్నర దొరుకుతుంది. కోచింగ్‌కు వెళ్లే వీలు లేదు.

జీకే, కరెంట్ అఫైర్స్ అంటే గ్రూప్స్ కోసం కొంత చదివినవే. లా మాత్రం ఒక్క ముక్క రాదు. దాన్ని వదిలేసి మిగతా రెండు పార్టుల మీదే పడితే గట్టెక్కుతానా? లేదంటే లాలో ఏది ముందు, ఏది తర్వాత? పాత గైడు ఒకటి ఉంది, 2021 నాటిది. అది చాలా?

సెక్షన్_2హెచ్

లా వదిలేస్తే సగం పేపరు వదిలేసినట్టే. లెక్క చూడండి. మొత్తం 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. పార్ట్ ఎ జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. పార్ట్ బి కరెంట్ అఫైర్స్ 30. పార్ట్ సి న్యాయశాస్త్ర అభిరుచి 60. నెగెటివ్ మార్కులు లేవు. క్వాలిఫై కావడానికి 35 శాతం, అంటే 42 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. కానీ 42 వస్తే చేతికొచ్చేది ర్యాంకు కార్డే. బషీర్‌బాగ్ పీజీ లా కాలేజీ, ఓయూ క్యాంపస్, సుబేదారి లాంటి చోట్ల సీటు కావాలంటే ఆ ర్యాంకు ముందువరుసలో ఉండాలి. పైగా ఇద్దరికి సమానంగా మార్కులొస్తే మొదట చూసేది పార్ట్ సిలో ఎవరికి ఎక్కువొచ్చాయన్నదే.

ఇంకో సంగతి. జీకేకి ఒడ్డూ దరీ లేదు, ఎంత చదివినా ఇంకా మిగిలే ఉంటుంది. పార్ట్ సికి గట్లున్నాయి: రాజ్యాంగం, కాంట్రాక్టు, టార్ట్స్ (పరిహారం కోరదగ్గ సివిల్ తప్పులు), నేరాలు, లాటిన్ సూత్రాలు. ఏమీ రాని వాళ్లు గంటకు ఎక్కువ మార్కులు రాబట్టుకునేది ఇక్కడే.

మీకున్నది 180 గంటలు. నేనైతే ఇలా పంచుతాను: రాజ్యాంగం 45, కాంట్రాక్టు 20, నేరాలు 20, టార్ట్స్ 15, సూత్రాలు, పదాలు 10, కరెంట్ అఫైర్స్ 25, జీకే, మెంటల్ ఎబిలిటీ 20. మిగిలిన 25లో ఎనిమిది మాక్ టెస్టులు. ఒక్కోదానికి గంటన్నర రాయడం, గంటన్నర తప్పులు చూసుకోవడం. ఆ రెండో గంటన్నర చాలామంది ఎగ్గొడతారు. అది లేకపోతే టెస్టు రాసినా రాయనట్టే.

రాజ్యాంగానికి లావుపాటి పుస్తకాలు అక్కర్లేదు. తెలుగు అకాడమీ ఇంటర్ రెండో ఏడాది పౌరశాస్త్రం రెండుసార్లు చదివి, ఆ తర్వాత రాజ్యాంగం అసలు పాఠంలో 12 నుంచి 35 వరకు, 36 నుంచి 51ఎ వరకు, ఆపైన 226, 352, 356, 360, 368 ఆర్టికల్స్ ఎదురుగా పెట్టుకుని చదవండి. సవరణల్లో మార్కులు పోయేది దగ్గరదగ్గరగా ఉన్న జతల్లో. 42వ సవరణ 1976లో పీఠికలో సామ్యవాద, లౌకిక, సమగ్రత అనే మాటలు చేర్చింది, పది ప్రాథమిక విధులు తెచ్చింది. పదకొండో విధి 2002లో 86వ సవరణతో వచ్చింది, 21ఎ విద్యాహక్కూ దానితోనే. పదకొండూ 42తోనే వచ్చాయని ఆప్షన్‌లో ఉంటుంది, పడిపోకండి. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300ఎలో పెట్టింది 44వ సవరణ, 1978. 352లో అంతర్గత కల్లోలం అన్న మాట తీసి సాయుధ తిరుగుబాటు అని పెట్టిందీ అదే.

కేసుల్లో కేశవానంద భారతి ఒక్కదాని మీదే నాలుగు రకాలుగా అడగొచ్చు: 1973, 13 మంది జడ్జీలు, 7-6 మెజారిటీ, మౌలిక స్వరూపం (రాజ్యాంగం మూల లక్షణాలను సవరణతో చెరపలేరన్న సూత్రం). దాని పక్కనే గోలక్‌నాథ్ 1967, 11 మంది. మేనకా గాంధీ 1978. పుట్టస్వామి 2017, 9 మంది, గోప్యత హక్కు. సంవత్సరం, బెంచి, పాయింటు మూడూ ఒకే వరుసలో రాసుకోండి.

కొత్త_నంబర్లు

పైన చెప్పినదానికి చేర్పు, మీ 2021 గైడు గురించి. రాజ్యాంగం, కాంట్రాక్టు, టార్ట్స్ వరకు అది పనికొస్తుంది. నేరాల చాప్టర్ మాత్రం చింపి పక్కన పెట్టండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. సెక్షన్ల సంఖ్య వరుసగా 358, 531, 170. ఐపీసీలో 511 ఉండేవి.

అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. హత్య 302 పోయి 103 అయింది. హత్యాయత్నం 307 నుంచి 109. దొంగతనం 303. గొలుసు లాక్కెళ్లడం లాంటి స్నాచింగ్‌కు కొత్తగా 304 వచ్చింది. వరకట్న మరణం 304బి నుంచి 80. భర్త, అత్తింటివారి క్రూరత్వం 498ఎ నుంచి 85. పరువునష్టం 356. మోసానికి మనం తిట్టుగా కూడా వాడే నాలుగొందల ఇరవై ఇప్పుడు 318లో నాలుగో ఉపసెక్షన్. ఎఫ్‌ఐఆర్ సీఆర్‌పీసీ 154 నుంచి 173కి, గుమిగూడటంపై ఆంక్షల 144 ఇప్పుడు 163కి మారాయి. ఇందులో తికమక ఏంటంటే, కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ 144 ఉంది, అది భార్యాబిడ్డల మనోవర్తి, పాత 125. ఈ ఒక్క జత మీద ప్రశ్న వేయడం చాలా తేలిక.

సాధారణ మినహాయింపులు 14 నుంచి 44. ఏడేళ్లలోపు పిల్లవాడు చేసింది నేరం కాదన్నది 20, మతిస్థిమితం లేనివారిది 22, ఆత్మరక్షణ 34 నుంచి 44. శిక్షల్లో సమాజసేవ కొత్తగా చేరింది.

2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. ప్రశ్నలో తేదీ ఇచ్చారంటే ఊరికే ఇవ్వరు.

నకిరేకల్_బీకాం

థాంక్యూ అండీ ఇద్దరికీ. కాంట్రాక్టు, టార్ట్స్ ఎలా చదవాలో కాస్త చెప్తారా? వాయిడ్, వాయిడబుల్ దగ్గరే ఆగిపోతున్నా. తెలుగు గైడ్లో ఒకచోట శూన్యం అని, ఇంకోచోట చెల్లనిది అని ఉంది.

సెక్షన్_2హెచ్

1872 చట్టంలో రెండో సెక్షన్ ఒక్కటి మెట్లు మెట్లుగా చదవండి. ప్రతిపాదనకు అంగీకారం కలిస్తే వాగ్దానం, 2బి. వాగ్దానానికి ప్రతిఫలం తోడైతే ఒప్పందం, 2ఇ. చట్టం ద్వారా అమలు చేయించుకోగల ఒప్పందమే కాంట్రాక్టు, 2హెచ్. అందుకే ప్రతి కాంట్రాక్టూ ఒప్పందమే, ప్రతి ఒప్పందమూ కాంట్రాక్టు కాదు.

శూన్యం, చెల్లనిది రెండూ వాయిడ్‌కే వాడతారు: ఎవరూ అమలు చేయించుకోలేరు. వాయిడబుల్ అంటే ఒక పక్షం ఇష్టపడితే నిలుస్తుంది, వద్దనుకుంటే రద్దు చేయించుకోవచ్చు. బలవంతం 15, అనుచిత ప్రభావం 16, మోసం 17, తప్పుడు ప్రకటన 18. ఈ నాలుగింట్లో బాధితుడు కోరితేనే రద్దు, కాబట్టి వాయిడబుల్. సెక్షన్ 20, అంటే ముఖ్యమైన వాస్తవం విషయంలో ఇద్దరూ పొరబడితే అది వాయిడ్. ఐదింటినీ ఒకే గాటన కట్టేయడంతోనే మార్కు పోతుంది.

మైనర్ ప్రశ్న తప్పకుండా చూసుకోండి. పదహారేళ్ల కుర్రాడు ఇల్లు తాకట్టు పెట్టి 20 వేలు అప్పు తీసుకున్నాడు, అప్పిచ్చినవాడు ఆ తాకట్టు కాగితం మీద దావా వేశాడనుకోండి. కుర్రాడు పెద్దయ్యాక ఒప్పుకుంటే చెల్లుతుందని ఒక ఆప్షన్ ఉంటుంది, తర్కంగానే కనిపిస్తుంది. తప్పు. మోహరీ బీబీ కేసు, 1903: మైనర్ ఒప్పందం మొదటి నుంచీ శూన్యమే, తర్వాత ధ్రువీకరించినా ప్రాణం రాదు.

టార్ట్స్‌కి సెక్షన్లు లేవు, సూత్రాలే. రెండు లాటిన్ మాటలు అటూఇటూ అవుతుంటాయి. ఇంజూరియా సైన్ డామ్నో: హక్కుకు భంగం ఉంది, నష్టం లేదు. దావా నిలుస్తుంది. ఓటరును అధికారి ఓటు వేయనివ్వలేదు, అతని అభ్యర్థి ఎలాగూ గెలిచాడు, అయినా పరిహారం వస్తుంది. ఆష్బీ కేసు, 1703. డామ్నమ్ సైన్ ఇంజూరియా: నష్టం ఉంది, హక్కుకు భంగం లేదు. మీ టిఫిన్ సెంటర్ పక్కనే ఇంకొకడు పెట్టి ప్లేటు ఇడ్లీ పది రూపాయలు తగ్గించి అమ్మాడు, మీ గల్లా పెట్టె ఖాళీ. దావా నిలవదు. గుర్తుకు ఒక్కటే: సైన్ అంటే లేకుండా. దాని ముందున్నది ఉంది, వెనకున్నది లేదు.

తర్వాత కఠిన బాధ్యత, అంటే నిర్లక్ష్యం లేకపోయినా నష్టానికి జవాబుదారీ కావడం: రైలాండ్స్ కేసు 1868, మినహాయింపులున్నాయి. సంపూర్ణ బాధ్యత మన సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా ఓలియం గ్యాస్ కేసులో తెచ్చింది, మినహాయింపులు లేవు. ఈ రెండింటి తేడా ఆ మినహాయింపుల దగ్గరే.

రిట్_రాజా

రిట్లు (హక్కుల కోసం పై కోర్టులు ఇచ్చే ఆదేశాలు) ఎవరూ చెప్పలేదేంటి? తెలుగు పేర్లు కూడా పట్టుకోవాలి బ్రో. బందీ ప్రత్యక్ష హెబియస్ కార్పస్, పరమాదేశం మాండమస్, ప్రతిషేధం ప్రొహిబిషన్, ఉత్ప్రేషణ సెర్షియోరరీ, అధికార పృచ్ఛ కో వారంటో. ఐదూ ప్రభుత్వం మీద మాత్రమే వేయాలి.

కొత్త_నంబర్లు

చివరి వాక్యం తప్పు రాజా గారూ. బందీ ప్రత్యక్ష ప్రైవేటు వ్యక్తి మీద కూడా వేయొచ్చు, ఎవరైనా ఎవర్నైనా అక్రమంగా నిర్బంధిస్తే చాలు. ప్రొహిబిషన్, సెర్షియోరరీ తేడా కూడా చెప్పాల్సింది: కింది కోర్టు పరిధి దాటి విచారణ సాగిస్తుంటే ఆపేది మొదటిది, తీర్పు వచ్చేశాక కొట్టేసేది రెండోది. ఇంకా, ఆర్టికల్ 226 పరిధి ఆర్టికల్ 32 కంటే వెడల్పు. సుప్రీంకోర్టు రిట్ ప్రాథమిక హక్కులకే, హైకోర్టు రిట్ వేరే హక్కులకు కూడా.

మాక్_టెస్ట్_మల్లయ్య

చదువు సంగతి పైవాళ్లు చెప్పేశారు. కంప్యూటర్ ముందు కూర్చున్నాక జరిగేది నేను చెప్తా.

90 నిమిషాలకు 120 అంటే ప్రశ్నకు 45 సెకన్లు. వరుసగా ఎ నుంచి పోతే మెంటల్ ఎబిలిటీలో ఒక రక్తసంబంధాల ప్రశ్న దగ్గర నాలుగు నిమిషాలు ఇరుక్కుంటారు. చివర్లో పార్ట్ సిలో పాతిక ప్రశ్నలు చదవకుండానే మిగిలిపోతాయి. నా లెక్క: ముందు కరెంట్ అఫైర్స్ 12 నిమిషాలు. వస్తే వచ్చింది లేకపోతే లేదు, ఆలోచిస్తే పుట్టేది కాదు. తర్వాత పార్ట్ సి 42 నిమిషాలు. ఆపైన పార్ట్ ఎ 24. మిగిలిన 12 వదిలేసినవాటికి. ముందు లాతో మొదలుపెట్టాలనేవాళ్లూ ఉన్నారు, తప్పేం లేదు. కానీ ఏ వరుసైనా ఎనిమిది మాక్‌లలోనూ అదే వరుస పాటించండి.

సూత్రం, సంఘటన ఇచ్చి అడిగే ప్రశ్నల్లో వాళ్లిచ్చిన సూత్రమే చట్టం. బయట అసలు చట్టం వేరేగా ఉన్నా సరే దాని జోలికి పోవద్దు. లా కొంచెం తెలిసినవాళ్లే ఇక్కడ ఎక్కువ తప్పు చేస్తారు.

తెలుగు వాక్యం మెలికపడి ఉంటే పక్కనున్న ఇంగ్లీషు వాక్యం చూడండి. అందుకే ప్రతి పదమూ రెండు భాషల్లో రాసుకోండి: ప్రతిఫలం కన్సిడరేషన్, అపకృత్యం టార్ట్, నిర్లక్ష్యం నెగ్లిజెన్స్. ఓ 150 పదాలు చాలు.

ఆప్షన్ నొక్కి ఊరుకుంటే సరిపోదు, సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కాలి. ఆప్షన్ పెట్టి పక్కనున్న నంబర్ల పట్టీలోంచి ఇంకో ప్రశ్నకు దూకితే ఆ జవాబు సేవ్ కాదు. నెగెటివ్ లేదు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు. చివరి మూడు నిమిషాలు మిగిలినవన్నీ నింపడానికే. 20 ప్రశ్నలకు గుడ్డిగా పెట్టినా సగటున ఐదు తగులుతాయి.

మెంటల్ ఎబిలిటీకి గడియారం, క్యాలెండర్, దిక్కులు, కోడింగ్, శ్రేణులు. గడియారం కోణానికి ఒకే సూత్రం: గంటను 30తో, నిమిషాలను ఐదున్నరతో గుణించి తేడా తీయండి. మూడున్నరకు 90, 165. తేడా 75 డిగ్రీలు. 180 దాటితే 360 లోంచి తీసేయండి.

నకిరేకల్_బీకాం

చాలా క్లియర్‌గా ఉంది అండీ. చివరగా ఒకటి. ఉద్యోగం చేసుకుంటూ ఎల్‌ఎల్‌బీ చదవొచ్చా? మా ఫ్రెండ్ ఒకడు ఇంటర్ చదవకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేశాడు, వాడూ రాస్తానంటున్నాడు.

సెక్షన్_2హెచ్

ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్ కోర్సు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ చేస్తే అడ్వకేటుగా ఎన్‌రోల్ కాలేరు. పగటి డ్యూటీ అయితే చేరేముందే షిఫ్టు సంగతి తేల్చుకోండి.

మీ ఫ్రెండుది అసలు సమస్య. దూరవిద్యలో డిగ్రీ చేయడం తప్పు కాదు, టెన్త్, ఇంటర్, డిగ్రీ వరుసగా ఉంటే అర్హతే. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్‌లో డిగ్రీ చేసినవాళ్లను మాత్రం బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు ఒప్పుకోవు. పరీక్ష రాయనిచ్చినా, ర్యాంకు వచ్చినా, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది. ఫీజు కట్టేముందు చెప్పండి ఆయనకు.

డిగ్రీలో కనీస మార్కులు ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. మీ 51తో ఇబ్బంది లేదు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఫలితాలొచ్చాక మీసేవ దగ్గర క్యూ ఉంటుంది.

మాక్_టెస్ట్_మల్లయ్య

అప్లికేషన్‌లో పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. తప్పుంటే కరెక్షన్ విండో తెరిచినప్పుడే దిద్దించుకోవాలి.

నకిరేకల్_బీకాం

ఇప్పుడే చూశా, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంది. మంచి టైంకి చెప్పారు. మొదటి మాక్ రాశాక మార్కులు ఇక్కడే పెడతాను.