సమస్య: లాకు మూయ పడవ లంక జేరె

మాస్టారు: ఈసారి ఆటవెలది. నాలుగో పాదం పైనే ఉంది, ముందు మూడూ మీరు పూరించాలి. లాకు అనే ఇంగ్లీషు మాటకి తాళం అని చెప్పి ఊరుకుంటే మన డెల్టాలో నడవదు. ఇక్కడ "లాకుల దగ్గర దిగుతా" అంటే కాలువే: నీటిమట్టం మార్చి పడవని దాటించే తలుపుల గది అన్నమాట. ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) తర్వాత కాటన్ దొర కాలువలు పొలాలకే కాదు, పడవలకీ దారయ్యాయి. మరి లాకు మూస్తే పడవ ఎలా కదిలింది?

రేవు కుర్రాడు:
వెనుక గేటు బిగియ వెల్లువై పై నీరు
నిండె గదిని పడవ నింగి కెగసె
ముందు గేటు తెరవ ముదముతో సాగుచు
లాకు మూయ పడవ లంక జేరె

లస్కరు (కాలువ లాకులు చూసే ఉద్యోగి) గారబ్బాయి: తమ్ముడూ, మూడో పాదంలో తెరిచి నాలుగో పాదంలో మూశావేంటి? వెనక తలుపు మూసి, పైనీరు వదిలి, లోపలా బయటా మట్టం సమమయ్యాకే ముందు తలుపు తెరుస్తారు. సమం కాకముందు పదిమంది తోసినా అది రాదు.

మాస్టారు: నిజమే, అన్వయం తప్పింది. "నింగి" కూడా యతి కోసం వచ్చి కూర్చుంది. "పడవ నిదుర లేచె" అంటే బావుంటుంది. మూడో పాదం ఇలా మార్చు: "ఇంత వింత యేల? యిది లాకు మహిమయే".

లంకల కోడలు: నాది ఇంట్లో సంగతండి.
అమ్మ ఫోను లాగి యంకెతో బంధించ
చిన్నవాడు గట్టు చెంత జేరి
కాగితమ్ము మడచి కాల్వలో వదలగా
లాకు మూయ పడవ లంక జేరె

మాస్టారు: భేష్ అమ్మా! లాకు ఫోనుకి పడింది, పడవ కాలువలో కదిలింది. ఒక్క మాట రెండు చోట్ల పనిచేసింది. కిట్టింపు, అంటే బలవంతంగా ఇరికించిన మాట, ఎక్కడా లేదు.

మండపేట మావయ్య: నాది ఒక్క పాదమే కుదిరింది, ఆయ్.
ఇంటి తలుపు మూసి బయలుదేరిన తాత

రేవు కుర్రాడు: గణాలు సరిపోయాయి మావయ్యా, ఇ-కి బ-తో యతి ఎక్కడిది? "యేటి కేగిన తాత" అనండి.

మాస్టారు: స్టీరింగు లాకైందంటాం, మోకాలు లాకైందంటాం. ఇంగ్లీషులో జుట్టుపాయ కూడా లాకే, అది వేరే మాట. దాన్ని ఎవరూ ముట్టుకోలేదేం?

లంకల కోడలు: మా ఆయనకి అది మిగల్లేదండి, ఎలా రాయను!