‘షైలో’ రెండో భాగం చదివినవాళ్లు ఒక్క విషయం చెప్పండి

మా పాపకు ఎనిమిదేళ్లు. రోజూ పడుకునేముందు ఫిలిస్ రేనాల్డ్స్ నేలర్ రాసిన ‘షైలో’ తెలుగులో చెబుతూ చదివాను. వెస్ట్ వర్జీనియా కొండల్లో పదకొండేళ్ల మార్టీ, యజమాని హింసించే షైలో అనే బీగిల్ కుక్కను కంచె కట్టి దాచిపెడతాడు. ఆ కంచెలోకి జర్మన్ షెపర్డ్ దూకి షైలోను కరిచేచోట పాప వెక్కివెక్కి ఏడ్చింది. ఇది పది రోజుల కిందట.

చివరికి కుక్క మార్టీకే దక్కుతుందని ముందే చెప్పేశాను. మిగతాది పగటిపూట చదివాను. పుస్తకమైతే పూర్తయింది కానీ, ఇప్పటికీ రాత్రి రెండుసార్లు లేచి "షైలోకి తగ్గిపోయిందా నాన్నా?" అంటోంది. నాకూ టెన్షన్‌గానే ఉంది. అయినా తర్వాతి కథ కావాలని తనే పట్టుబడుతోంది.

1996లో వచ్చిన ‘షైలో సీజన్’లో షైలోకి మళ్లీ దెబ్బలు తగిలే ఘట్టం ఉందా?