పెరటి కోళ్లకు పశువైద్యుడి చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మవచ్చా?

గంపకోడి (పెరట్లో కోళ్లు పెంచే మనిషి): మందులకు లొంగని బ్యాక్టీరియా మాట వస్తే చాలు, అందరూ పల్లెటూరి కోళ్ల మీద పడుతున్నారు. కేంద్రం 2019లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు, చేపలకు వాడకూడదని నిషేధించింది. దాన్ని దాణాలో కలిపి మేపింది పెద్ద షెడ్ల వాళ్లా, ఎనిమిది కోళ్లున్న ఇల్లాలా? ఇప్పుడు చీటీ ఉంటేనే మందంటే, మా ఊరికి పశువైద్యుడు వచ్చేలోగా గంప ఖాళీ అవుతుంది.

మందుల దుకాణం: పెద్ద వాటా ఫారాలదే, కాదనను. అయితే ఫారం కోడి షెడ్డు దాటదు. మీ కోడి పిల్లలు ఆడుకునే మట్టిలోనే రెట్ట వేస్తుంది, వంటింట్లోకీ వస్తుంది. పైగా మందును తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క) మీద ఉంటే ఒక జాతి బ్యాక్టీరియా నుంచి మరో జాతికి కూడా పాకుతుంది. కొలిస్టిన్‌కు లొంగనివ్వని ఎంసీఆర్-1 జన్యువు అలాంటిదే. చైనాలో పందుల్లోనూ, దుకాణాల మాంసంలోనూ, ఆసుపత్రి రోగుల్లోనూ అది ఉందని 2015లో బయటపడింది. ఇక మీరందరూ అడిగే ఎన్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కోడి ఒంట్లో కొంత సిప్రోఫ్లోక్సాసిన్‌గా మారుతుంది. మనం జ్వరానికి మింగే మందే అది! కోళ్లకు ఎన్రోఫ్లోక్సాసిన్ వాడకాన్ని అమెరికా 2005లోనే ఆపేసింది.

విశ్రాంత పశువైద్యుడు: ఇద్దరూ అసలు జబ్బు పేరే ఎత్తలేదు. మెడ మెలితిప్పుకుంటూ, పచ్చటి విరేచనాలతో ఒకదాని వెంట ఒకటి పడిపోయే కోళ్లకు చాలాసార్లు ఉండేది కొక్కెర తెగులు. అది వైరస్. ఏ యాంటీబయాటిక్ పొడీ దాన్ని తాకలేదు. బతికిన కోడి తన సత్తువతో బతుకుతుంది, పేరు పొడికి దక్కుతుంది. కావలసింది టీకా. కోడిపిల్లకు మొదటి వారంలో కంట్లో లసోటా టీకా చుక్క, దాదాపు రెండు నెలల వయసులో ఆర్2బి టీకా సూది. చిక్కంతా సీసాతోనే. సాధారణంగా వంద కోళ్లకో అంతకు మించో సరిపడేలా వస్తుంది, చల్లదనం పోకుండా తేవాలి, కలిపాక వెంటనే వాడేయాలి. ఎనిమిది కోళ్ల కోసం ఎవరు తెస్తారు? అందుకే చేతికందే పొడి పొట్లం కొంటారు. చీటీ పెట్టండి, సంతోషమే. ముందు ఊరంతా ఒకే రోజున టీకా వేసే ఏర్పాటు చేయండి. అది లేకుండా చీటీ పెడితే దొంగచాటు అమ్మకం మిగులుతుంది.

గంపకోడి: మరి కోడిపిల్లల రెట్టలో రక్తం పడితే, డాక్టరుగారూ?

విశ్రాంత పశువైద్యుడు: చాలావరకు కాక్సీడియా అనే పేగుల్లోని పరాన్నజీవి. అదీ బ్యాక్టీరియా కాదండీ. దానికి యాంప్రోలియం అనే మందు ఉంది. తడిసిన ఊక తీసేసి పొడి ఊక పరచండి.

మందుల దుకాణం: మందు వాడాక గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో డబ్బా మీద ఉంటుంది. చెంచాతో కొలిచి కాగితంలో పొట్లం కట్టి ఇస్తే అది కొన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? కనీసం ఆ విడి అమ్మకం ఆపాలి.

గంపకోడి: విడి అమ్మకం ఆపితే నాకూ సమ్మతమే. చీటీ మాత్రం టీకా మా ఊరికి వచ్చాకే.