బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో స్థానిక మహిళలను ఉద్యోగాల్లోకి తీసుకోవాలంటే ఇంగ్లీషు రాతపరీక్షను ఎలా మార్చాలి?

ఉఖియా, టెక్నాఫ్ రోహింగ్యా శిబిరాల్లోని సహాయ సంస్థల్లో హెచ్‌ఆర్ చూసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

క్షేత్రస్థాయి పోస్టులకు ప్రకటన ఇంగ్లీషులో, రాతపరీక్ష కూడా ఇంగ్లీషులోనే. దాంతో ఢాకా అభ్యర్థులు పైకొస్తారు, చిట్టగాంగ్ భాష మాట్లాడే స్థానిక అమ్మాయిలు మొదటి వడపోతలోనే పోతారు. తీరా చూస్తే రోహింగ్యా భాషకు దగ్గరగా ఉండేది ఆ భాషే. ప్రామాణిక బెంగాలీ శిబిరంలో చాలామందికి అంతంతమాత్రం. బాలింత చెప్పేది అర్థంకాక అనువాదానికి వలంటీరును పిలిస్తే ఇక గోప్యత ఎక్కడిది?

అనుకుంటున్న మార్పు ఇది: 100 మార్కుల్లో 40 ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడానికి, 40 ఇంటింటి సర్వే ఫారం నింపించి చూడటానికి, ఇంగ్లీషుకు 20. పేరు, ఊరు, కాలేజీ కనబడకుండా దిద్దడం.

చిక్కు ఇక్కడే. భాష పరీక్షించడానికి స్థానికులు ప్యానెల్‌లో ఉండాలి, ఉంటే బంధువుల సిఫార్సులు మొదలవుతాయి. వేరే ఉపజిల్లా నుంచి తెస్తే సరిపోతుందా? ఇంగ్లీషు నివేదికలు రాయడానికి విడిగా ఒకరిని పెడితే దాత ఒప్పుకుంటాడా? ఆరు నెలల కాంట్రాక్టు ప్రసూతి సెలవు మధ్యలో ముగిస్తే ఆ జీతం ఏ పద్దులో చూపిస్తున్నారు? ఇది మొదటే బడ్జెట్‌లో పెట్టకపోతే ఆడవాళ్లను తీసుకోవడానికే మేనేజర్లు జంకుతున్నారు.