కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ని తీసేయాలా, ఇంకో ఏడాది చూడాలా?

నాగావళి గట్టు:
మాది శ్రీకాకుళం. నేను చదివిన డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కి మేం కొందరం పాత విద్యార్థులం చందాలేసుకుని మూడేళ్ల కింద ఒక కోచ్‌ని పెట్టాం, నెలకి 18 వేలు. పటియాలాలో ఎన్ఐఎస్ కోచింగ్ కోర్సు చేసిన మనిషి, కుర్రాడే, తెల్లారి 5.30కల్లా గ్రౌండ్‌లో ఉంటాడు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఇంటర్ కాలేజియేట్‌లో మూడేళ్లూ మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేశాం. ఈసారైతే 5-0. కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు ఒక్కరే చూసుకున్న రోజుల్లో ఇదే టీమ్ రెండుసార్లు సెమీస్ ఆడింది, అదీ బాధ. ఆదివారం అందరం కూర్చుంటున్నాం, చందా ఇచ్చేవాళ్లలో సగం మంది తీసేద్దామనే అంటున్నారు. నేనేమో ఆయన పెళ్లికి వెళ్లి భోంచేసి వచ్చినవాణ్ణి. ఒకటే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

ఆమదాలవలస కుర్రాడు:
తీసేయండన్నా. మూడేళ్లంటే డిగ్రీ మొత్తం. ఫస్టియర్‌లో చేరిన కుర్రాడు ఒక్క మ్యాచ్ నెగ్గకుండా పాసై వెళ్లిపోయాడు, వాడికేం చెప్తారు? పెళ్లి భోజనం లెక్క వేరు.

పాలకొండ పాత పీఈటీ:
బాబూ, 5-0 అన్నావు గానీ ఆ గోల్స్ ఎప్పుడు పడ్డాయో, ఎలా పడ్డాయో చెప్పలేదు. స్కోరు చూసి కోచ్‌ని కొలవకూడదు, పీడీ గారి దగ్గర రాసుకున్న పుస్తకం ఏదైనా ఉంటే అడిగి చూడు. మూడేళ్లూ కార్నర్ల మీదే గోల్స్ తింటుంటే అది కోచ్ తప్పే, నిలబడే చోటు నేర్పలేదన్నమాట. అలాకాక 70 నిమిషాలు బాగానే ఆడి చివర్లో కూలబడిపోతున్నారంటే వాళ్ల పొట్టల్లో ఏముందో చూడాలి. హాస్టల్ కుర్రాళ్లు టీ తాగి వచ్చి గంటన్నర పరిగెత్తి, తిన్నగా క్లాసుకి పోతారు, టిఫిన్ టైమ్ అయిపోతుంది. ఇది నేను ఇరవై ఏళ్లు చూశాను. ఇంకోటి, సెమీస్ ఆడిన టీమ్‌లో ఎంతమంది మిగిలారు? మన జిల్లాలో పరిగెత్తగలిగే ప్రతివాడూ అగ్నివీర్‌కో కానిస్టేబుల్‌కో పోతాడు, పోవాలి కూడా, కానీ సీజన్ మధ్యలో వింగర్ ర్యాలీకి వెళ్లిపోతే కోచ్ ఏటి చేస్తాడు?

డాలస్‌లో సోంపేటోడు:
ఇక్కడ టెక్సాస్‌లో కాలేజీ ఫుట్‌బాల్ అంటే (చేత్తో పట్టుకు పరిగెత్తేది, పేరెందుకు ఫుట్‌బాల్ అయిందో అడక్కండి) పెద్ద పిచ్చి. 2023 నవంబరులో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ వాళ్లు జింబో ఫిషర్‌ని తీసేశారు, కాంట్రాక్టు 2031 దాకా ఉండటంతో ఇంటికి పంపడానికే ఏడున్నర కోట్ల డాలర్లకి పైన ఇవ్వాల్సొచ్చింది, మన లెక్కలో 600 కోట్ల పైమాటే. ఇక్కడ కోచ్ పోగానే కుర్రాళ్లు కూడా వేరే యూనివర్సిటీలకి ట్రాన్స్‌ఫర్ పెట్టేస్తారు, కొత్తాయన మళ్లీ మొదట్నుంచి కట్టుకోవాలి. మీ 18 వేల కోచ్‌ని తీయడం తేలికే. ఆయన ప్లేస్‌లోకి ఎవరొస్తారో ముందు అది చెప్పండి.

మైదానం పిచ్చోడు:
హైదరాబాద్ రహీమ్ సాబ్‌ని తలుచుకోండి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు, కోచ్ ఆయనే. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం. 1960 రోమ్‌లో మళ్లీ గ్రూపులోనే ఇంటికి. రెండేళ్లకి జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాకి 2-0తో పోగొట్టుకుని, ఫైనల్లో అదే కొరియాని 2-1తో కొట్టి బంగారం తెచ్చాడు. రోమ్ తర్వాత ఆయన్ని పక్కన పెట్టేసి ఉంటే?

ఆమదాలవలస కుర్రాడు:
అన్నా, రహీమ్ సాబ్ పేరు చెప్పి ఊళ్లో ప్రతి కోచ్‌నీ కాపాడేస్తే ఎలా. ఆయన 10-1 తర్వాత నాలుగో స్థానానికి తెచ్చాడు. ఈయన మొదటి రౌండ్ తర్వాత మళ్లీ మొదటి రౌండే కదా.

నాగావళి గట్టు:
తమ్ముడి మాట గట్టిగానే తగిలింది. పీడీ గారి పుస్తకం చూశాను. మొన్నటి అయిదు గోల్స్‌లో నాలుగు 70వ నిమిషం తర్వాతే. కానీ నిరుడు తిన్న మూడింట్లో రెండు కార్నర్లు, అంతకుముందేడు కూడా అదే కథ. అంటే మాస్టారు చెప్పిన తప్పులు రెండూ ఉన్నాయి. పాత టీమ్‌లో ఇద్దరే మిగిలారు, ముగ్గురు ఇప్పుడు యూనిఫామ్‌లో ఉన్నారు. ఉంచుదామనే ఓటేస్తాను, ఒక్క ఏడాదికి. కార్నర్ల సంగతి మాత్రం ఆయన్నే కూర్చోబెట్టి అడుగుతాను, ముందే అడగాల్సింది, మొహమాటానికి పోయి మూడేళ్లు ఊరుకున్నాను. గుడ్లకీ అరటిపళ్లకీ విడిగా చందా ఎత్తుతాం. మీటింగ్‌లో ఓడిపోతానేమో కూడా, చూద్దాం.

పాలకొండ పాత పీఈటీ:
అరటిపండు ప్రాక్టీస్ ముందు, గుడ్లు తర్వాత. తిరగేశావంటే గ్రౌండ్‌లోనే కక్కుతారు.